పట్టా దారి, పనిముట్ల దారి

పదో తరగతి ఫలితాలు రాకముందే కార్పొరేట్ జూనియర్ కాలేజీల పీఆర్వోలు ఇళ్ల చుట్టూ తిరగడం మొదలుపెడతారు. మార్కుల మెమో చేతికొచ్చేసరికి ఇంటర్ సీట్ల బేరాలు చాలావరకు ముగిసి ఉంటాయి. పాలిటెక్నిక్ సీట్లకు పాలిసెట్ కౌన్సెలింగ్ ఆ తర్వాత. ఐటీఐ ప్రవేశాలు అన్నిటికన్నా చివర. మొదటి విడత, రెండో విడత, మూడో విడత అంటూ సీట్లు నిండేదాకా అవి సాగుతూనే ఉంటాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటా ఇదే వరుస. ఏ చదువుకు మనం ఎంత విలువ ఇస్తున్నామో ఈ వరుసే చెబుతుంది. మార్కులు తక్కువ వచ్చినవాడు, ఫీజు కట్టలేనివాడు, ఇంకెక్కడా సీటు దొరకనివాడు ఐటీఐకి పోతాడని తల్లిదండ్రులు నమ్మారు, టీచర్లు నమ్మారు, చివరికి ఆ పిల్లలూ నమ్మేశారు.

ఈ నమ్మకంలో నిజమెంత? ముప్పై ఏళ్ల ఉద్యోగ జీవితం ముందున్న పిల్లకో పిల్లాడికో డిగ్రీ పట్టా మేలా, చేతిపని చదువు మేలా? దేశాల అనుభవాలు, పరిశోధనలు, మన ఊళ్ల సంగతులు పక్కపక్కన పెట్టి చూశాక నాకు ఖాయమైన అభిప్రాయం ఒకటుంది. చేతిపని చదువులో లోపం లేదు. ఆ చదువును మనం నడుపుతున్న తీరులో, దాని పైన మెట్లు మూసేసిన తీరులో, ఆ పనికి ఇచ్చే కూలిలో, గౌరవంలో ఉంది లోపం. వాటిని సరిచేయకుండా పేద పిల్లలకు ‘స్కిల్ నేర్చుకోండి’ అని ఉపదేశించడం అన్యాయం.

ముందు లెక్కలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో భారత ఉపాధి నివేదిక విడుదల చేశాయి. 2022లో డిగ్రీ చదివిన యువతలో నిరుద్యోగం 29.1 శాతం. చదవడం రాయడం రాని యువతలో 3.4 శాతమే. ఈ రెండు అంకెలు పత్రికల్లో, వేదికల మీద చాలా తిరిగాయి. డిగ్రీ దండగ అనడానికి వాటినే రుజువుగా చూపించారు. నా మటుకు నాకు అది తొందరపాటు. చదువురాని పేదవాడికి నిరుద్యోగిగా ఉండే వీలే లేదు. ఆ పూట దొరికిన కూలికి పోవాల్సిందే, లేకపోతే పొయ్యి వెలగదు. డిగ్రీ చదివినవాడు ఇంట్లో ఇంకో ఏడాది తిండి పెడతారన్న ధైర్యంతో గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షకో చదువుతూ ఎదురుచూస్తాడు. అందుకే చదివినవారిలో నిరుద్యోగం అంత ఎక్కువగా కనిపిస్తుంది. ఉద్యోగం దొరికాక సగటు జీతం చూస్తే ఇప్పటికీ డిగ్రీదారుదే పైచేయి. ఆ సంగతి దాచి పిల్లల్ని ఐటీఐలకు పొమ్మనడం నిజాయితీ కాదు.

కానీ ఆ ఎదురుచూపు ఎంత బరువైందో చెప్పే అంకె ఇంకొకటుంది. 2019లో రైల్వే శాఖ ట్రాక్ మెయింటైనర్, హెల్పర్ వంటి లెవెల్-1 పోస్టులు లక్షా మూడు వేలకు పైగా ప్రకటిస్తే కోటికి పైగా దరఖాస్తులు వచ్చాయి. వాటికి కావలసిన అర్హత పదో తరగతి లేదా ఐటీఐ. డిగ్రీలు, పీజీలు చదివినవాళ్లు కూడా పట్టాలు పక్కనపెట్టి ఆ వరుసలో నిలబడ్డారు. వాళ్లకు డిగ్రీ మూడేళ్లలో ఏం నేర్పినట్టు?

ఇంజనీరింగ్ కథ మనకు ఇంకా దగ్గరిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ వేలాది బీసీ, దళిత, పేద కుటుంబాల పిల్లల్ని మొదటిసారి కాలేజీ గడప దాటించింది. దాని మేలు చిన్నది కాదు. ఆ డబ్బు కోసమే పుట్టిన కాలేజీలూ అంతే వేగంగా పెరిగాయి. రాష్ట్ర విభజన నాటికి ఇంజనీరింగ్ కాలేజీలు 700 దాటాయి. ల్యాబ్ లేనివి, అధ్యాపకులు కాగితం మీదే ఉన్నవి వాటిలో ఎన్నో. ఆ తర్వాత వందల కాలేజీలు మూతపడ్డాయి. మిగిలినవాటిలో సివిల్, మెకానికల్ సీట్లు ఖాళీగా ఉంటే కంప్యూటర్ సైన్స్, దాని పిల్ల కోర్సులు మొత్తం సీట్లలో సింహభాగం మింగేశాయి. అందరూ ఒకే తలుపు దగ్గర గుమిగూడారు. ఆ తలుపు కూడా ఇరుకవుతోంది. 2023-24లో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలోనూ మొత్తం ఉద్యోగుల సంఖ్య తగ్గింది. రాసే పని, కోడ్ చేసే పని, లెక్కలు చూసే పని కృత్రిమ మేధ అందుకుంటున్న ఈ కాలంలో, మామూలు కాలేజీలో మామూలు మార్కులతో బీటెక్ పూర్తిచేసిన పిల్లవాడి దారి పదేళ్ల కిందట ఉన్నంత నున్నగా లేదు.

ఇక రెండో దారి. కేంద్రం 1950లో చేతివృత్తి శిక్షణ పథకం ప్రారంభించింది. ఐటీఐలు దాని కిందివే. ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. వెల్డర్, డీజిల్ మెకానిక్ ఏడాది. దేశంలో ఇప్పుడు దాదాపు 15 వేల ఐటీఐలున్నాయి. వాటిలో ముప్పాతిక వంతు ప్రైవేటువి. ప్రైవేటు వాటిలో బాగా నడిచేవి లేవని అనను. అయితే రెండు గదులు, నాలుగు పాత మోటార్లు, హాజరు లేకున్నా పరీక్షకు పంపే ఏర్పాటు, ఇంతకు మించి ఏమీ లేనివి చాలా ఉన్నాయని ఈ రంగంలో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు. ప్రభుత్వ ఐటీఐల జబ్బు వేరు. భవనం ఉంటుంది, లేత్ మెషిన్లు ఉంటాయి, అవి తాతలనాటివి. బోధకుల (ఏటీఓ) పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటాయి. ఒక ట్రేడు బోధకుడే రెండు ట్రేడులు చూస్తాడు. ఫ్యాక్టరీలో సీఎన్‌సీ మెషిన్లు, పీఎల్‌సీ ప్యానెళ్లు నడుస్తుంటే మన పిల్లవాడు బెంచ్ వైస్‌లో ఇనుపముక్క బిగించి నెలల తరబడి ఆకురాయి పడుతుంటాడు. ఆకురాయి పట్టడం దండగ పని కాదు. చేతికి కొలత తెలిసేది దానితోనే. అక్కడే ఆగిపోవడమే తప్పు.

ఇన్ని లోపాల మధ్య కూడా మంచిగా నేర్చుకున్నవాడికి ఐటీఐ సర్టిఫికెట్ తెరిచే తలుపులు తక్కువేం కాదు. విశాఖలో నావల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలు ఐటీఐ పాసైనవాళ్లను పరీక్ష పెట్టి తీసుకుంటుంది. సింగరేణి గనుల్లో ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు కావాలి. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి పదో తరగతితో పాటు ఐటీఐ ఉంటే చాలు, అదే పోస్టుకు బీటెక్ చదివినవాళ్లూ పోటీపడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు విద్యుత్ డిస్కంలు వేల సంఖ్యలో తీసుకున్న జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ఐటీఐ అర్హతగా సరిపోయింది. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి నడుస్తున్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ సంగతి మన తల్లిదండ్రుల్లో ఎంతమందికి తెలుసు? పదో తరగతి తర్వాత నాలుగేళ్ల టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమా అక్కడ ఉంది. కారు డోరు నుంచి షాంపూ సీసా మూత దాకా ప్రతిదానికీ అచ్చు తయారుచేసేవాళ్లు కావాలి. ఆ పని తెలిసినవాళ్లు ఖాళీగా ఉండరు.

వెల్డింగ్ తీసుకుంటే తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. గేట్లు, గ్రిల్స్ అతికే వెల్డర్‌కు రోజుకూలే దిక్కు. పైపును ఏటవాలుగా నిలిపి చుట్టూ లోపం లేకుండా కుట్టగలిగే 6జి వెల్డర్‌కు రిఫైనరీల్లో, షిప్‌యార్డుల్లో, గల్ఫ్ ప్రాజెక్టుల్లో గిరాకీ ఎప్పుడూ ఉంది. ఒకే ట్రేడు, ఒకే ఐటీఐ, ఇద్దరి ఆదాయాల మధ్య నాలుగైదు రెట్లు తేడా ఉండొచ్చు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి వెళ్లేవాళ్లయినా, కడప, రాయచోటి నుంచి వెళ్లేవాళ్లయినా గల్ఫ్‌లో హెల్పర్‌గా దిగినవాడికీ, ట్రేడ్ టెస్ట్ పాసై టెక్నీషియన్‌గా దిగినవాడికీ జీతంలోనే కాక గదిలో, భోజనంలో, సూపర్‌వైజర్ మాట్లాడే తీరులో కూడా తేడా ఉంటుంది.

అయినా తల్లిదండ్రులు ఎందుకు ఒప్పుకోరు? దీని గురించి 1965లోనే ఫిలిప్ ఫోస్టర్ అనే పండితుడు ఘనా దేశం అనుభవంతో ఒక వ్యాసం రాశాడు. వృత్తి విద్య మీద ఇప్పటికీ దాన్ని తలవకుండా చర్చ సాగదు. బడిలో చేతిపనులు నేర్పితే పిల్లలు గుమాస్తా ఉద్యోగాల మీద ఆశ మానుకుంటారని అక్కడి పాలకులు అనుకున్నారు. పిల్లలు మానుకోలేదు. ఎక్కువ జీతం, భద్రత, పలుకుబడి గుమాస్తా ఉద్యోగాల్లోనే ఉన్నప్పుడు వాటికి దారితీసే చదువునే కోరుకోవడం వాళ్ల అమాయకత్వం కాదు, సరైన లెక్క అన్నాడు ఫోస్టర్. మార్చాల్సింది సిలబస్‌ను కాదు, జీతాల తేడాను అన్నాడు. అరవై ఏళ్లు గడిచాయి. మన దగ్గర కూడా ఈ మాట అక్షరాలా నిజం. మండల కేంద్రంలో రికార్డు అసిస్టెంట్‌కు ఉన్న భద్రత పారిశ్రామికవాడలో పదేళ్ల అనుభవం ఉన్న మెషినిస్టుకు లేదు. మెషినిస్టు కాంట్రాక్టరు కింద పనిచేస్తుంటాడు. అతని పేరు కంపెనీ రిజిస్టరులో ఉండదు. ప్రమాదంలో వేలు తెగితే ఎవరి బాధ్యతో తేలదు. ఇది తెలిసిన తండ్రి కొడుకును ఐటీఐకి ఎందుకు పంపాలి?

మన దగ్గర దీనికి కులం తోడైంది. ఇనుము, కర్ర, మట్టి, తోలు, నూలు తరతరాలుగా ఏయే కులాల చేతుల్లో ఉన్నాయో అందరికీ తెలుసు. ఆ చేతులకు సమాజం ఇచ్చిన స్థానమూ తెలుసు. చేతిపని కిందిది, కూర్చుని చేసే పని పైది అన్న మెట్లు ఆ వ్యవస్థ కట్టినవే. ఆ కులాల్లోంచి వచ్చిన కుటుంబానికి డిగ్రీ అంటే ఉద్యోగం ఒక్కటే కాదు, తాతతండ్రుల పనిలోంచి, దానికి అంటుకున్న అవమానంలోంచి బయటికి నడిచే దారి. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం శ్రమ గౌరవం మీద ఒక పుస్తకమే రాశారు, ఈ గాయం ఎక్కడుందో తెలిసి. అగ్రకుల మధ్యతరగతి వాళ్లు తమ పిల్లల్ని అమెరికా ఎమ్మెస్‌కు పంపుతూ పక్క వీధి పిల్లలకు ప్లంబింగ్ నేర్చుకొమ్మని సలహా ఇస్తే ఆ సలహాలో ఏముందో వినేవాళ్లకు తెలుస్తుంది. పెళ్లిచూపుల్లో ‘అబ్బాయి ఏం చదివాడు’ అన్న ప్రశ్నకు ‘బీటెక్’ అనే జవాబు, ఉద్యోగం లేకపోయినా, ‘ఐటీఐ, నెలకు ముప్పై వేలు సంపాదిస్తాడు’ అనే జవాబు కన్నా బరువు తూగుతుంది. తల్లిదండ్రులు ఈ తూకాన్ని చూసుకునే నిర్ణయం తీసుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం.

ప్రభుత్వాలు కూడా తెలియకుండానే ఈ మెట్లను గట్టిచేస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో విద్యార్థుల వసతి, భోజన ఖర్చుల కోసం తెచ్చిన వసతి దీవెన పథకంలో ఏడాదికి ఐటీఐ విద్యార్థికి 10 వేలు, పాలిటెక్నిక్ విద్యార్థికి 15 వేలు, డిగ్రీ విద్యార్థికి 20 వేలు ఇచ్చారు. వర్క్‌షాపులో రోజంతా నిలబడి పనిచేసే పిల్లవాడికి ఆకలి సగమే వేస్తుందా? ఆ పథకం ఎందరినో ఆదుకుంది, అందుకు మెచ్చుకోవాల్సిందే. ఈ తేడా మాత్రం ఎవరూ ప్రశ్నించకపోవడం నన్ను బాధిస్తుంది.

వృత్తి చదువు పట్ల మోజుతో మాట్లాడేవాళ్లు దాచకూడని ఇంకో సంగతి ఉంది. ఆర్థికవేత్తలు ఎరిక్ హనుషెక్, లుడ్జర్ వోస్మన్ తదితరులు 11 దేశాల సమాచారంతో చేసిన అధ్యయనం 2017లో అచ్చయింది. వృత్తి శిక్షణ పొందినవారికి చిన్న వయసులో ఉద్యోగం తేలిగ్గా దొరుకుతోంది. వయసు మీదపడేకొద్దీ, యంత్రాలు మారేకొద్దీ ఆ లాభం తగ్గిపోతోంది. సాధారణ విద్య చదివినవారు ఆలస్యంగా కుదురుకున్నా కొత్తవాటికి అలవాటు పడగలుగుతున్నారు. అంటే ఒక్క యంత్రం, ఒక్క పని మాత్రమే నేర్పి పంపితే నలభై ఐదేళ్లకు ఆ మనిషిని రోడ్డున పడేసినట్టే. కార్బురేటర్ విప్పి బిగించడంలో ఆరితేరిన మెకానిక్ ముందుకు ఇవాళ బ్యాటరీ బండి వస్తోంది. లెక్కలు, కాస్త భౌతికశాస్త్రం, మాన్యువల్ చదివి అర్థం చేసుకునే ఇంగ్లిష్, డ్రాయింగ్ చదవడం వచ్చినవాడే ఆ మార్పు దాటగలడు. ఐటీఐలో ఎంప్లాయబిలిటీ స్కిల్స్, వర్క్‌షాప్ క్యాలిక్యులేషన్ పీరియడ్లను కాలక్షేపంగా చూడటం అందుకే ప్రమాదం.

మెకానిక్ మాట వచ్చింది కాబట్టి విజయవాడ ఆటోనగర్ గురించి చెప్పాలి. ఆసియాలోనే పెద్ద ఆటోమొబైల్ కేంద్రాల్లో ఒకటిగా పేరున్న చోటు అది. లారీ క్యాబిన్, బాడీ కట్టడం, కమాన్ పట్టీలు, ఇంజన్ రీబోరింగ్, రేడియేటర్, డెంటింగ్, పెయింటింగ్, ఒక్కో వీధికి ఒక్కో విద్య. నా దృష్టిలో తెలుగు నేల మీద అతి పెద్ద వృత్తి పాఠశాల అది. ప్రాస్పెక్టస్ లేదు, పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు. పన్నెండు పద్నాలుగేళ్ల పిల్లలు స్పానర్లు అందిస్తూ చేరిన రోజులు అక్కడి పాతకాపులకు గుర్తే. ఆ వయసులో పిల్లల్ని పనిలో పెట్టుకోవడం తప్పు, చట్టవిరుద్ధం, దాన్ని గొప్పగా చెప్పుకోకూడదు. కానీ అలా నేర్చుకుని మేస్త్రీలైన వేలమంది చేతుల్లో ఉన్న విద్యకు ఈ దేశంలో విలువ కట్టే పద్ధతే లేకపోయింది. ఇంజన్ శబ్దం విని జబ్బు చెప్పగలిగిన మనిషి కాగితాల మీద ‘నైపుణ్యం లేని’ మనిషి. 2015 జాతీయ నైపుణ్య విధానం ప్రకారం దేశంలో పనిచేసేవారిలో లాంఛనంగా శిక్షణ పొందినవారు 4.7 శాతమే, దక్షిణ కొరియాలో 96 శాతం, జపాన్‌లో 80, జర్మనీలో 75. ఈ పోలిక చూసి మనవాళ్లకు పని రాదని అనుకుంటే పొరపాటు. పని వచ్చు, కాగితం లేదు. కాగితం లేకపోతే బ్యాంకు అప్పు లేదు, పెద్ద కంపెనీలో ఉద్యోగం లేదు, విదేశంలో టెక్నీషియన్ వీసా లేదు. ఉన్న నైపుణ్యాన్ని గుర్తించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో పెట్టారు. కొద్దిరోజుల ఓరియంటేషన్, ఒక పరీక్షతో ముగిసే ఆ సర్టిఫికెట్‌ను యజమానులు పెద్దగా లెక్కచేయడం లేదు. గట్టి పరీక్ష పెట్టి, గట్టి సర్టిఫికెట్ ఇచ్చి, దానితో పాలిటెక్నిక్‌లో చేరే వీలు కల్పిస్తే ఆ మేస్త్రీల జీవితం మారుతుంది.

జర్మనీ గురించి అందరూ చెబుతారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. అక్కడ 300కు పైగా వృత్తుల్లో అప్రెంటిస్‌షిప్ ఉంది. వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో జీతంతో పని, మిగతా రోజులు బడి. పరీక్ష పెట్టేది పరిశ్రమల చాంబర్. మనకు నేర్పేది ఇంకోటి: మైస్టర్ (తన పనిలో గురువు) స్థాయికి చేరిన పనివాడిని అక్కడి అర్హతల పట్టికలో బ్యాచిలర్ డిగ్రీతో ఒకే మెట్టు మీద నిలబెట్టారు. మనకూ 1961 నుంచి అప్రెంటిస్ చట్టం ఉంది. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. చాలాచోట్ల అప్రెంటిస్ అంటే తక్కువ స్టైపెండ్‌కు దొరికే కూలీ. ఏడాది ప్యాకింగ్ సెక్షన్‌లో నిలబెట్టి పంపిస్తే అతను నేర్చుకున్నదేమిటి?

ఆశయాలకు మాత్రం మనకు కొరత ఎన్నడూ లేదు. కొఠారీ కమిషన్ 1966లోనే వృత్తి విద్యను గట్టిగా చెప్పింది. 1995 నాటికి ఇంటర్ స్థాయి పిల్లల్లో నాలుగో వంతు వృత్తి కోర్సుల్లో ఉండాలని 1986 జాతీయ విద్యా విధానం లక్ష్యం పెట్టుకుంది. తర్వాత గడువును 2000కు జరిపారు. దాని దరిదాపులకు కూడా చేరలేదు. ఇప్పుడు మళ్లీ కదలిక వచ్చింది. తెలంగాణ 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టింది. 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో పునాది వేశారు. అదే ఏడాది స్కిల్స్ యూనివర్సిటీ చట్టమూ వచ్చింది. వెయ్యి ప్రభుత్వ ఐటీఐల కోసం 60 వేల కోట్ల పథకానికి కేంద్ర మంత్రివర్గం 2025 మేలో ఆమోదం తెలిపింది. రోబోలు, త్రీడీ ప్రింటర్లు వస్తున్నాయి, సంతోషమే. వాటిని నడిపి చూపించే బోధకుడు లేకపోతే అవి కవరు కప్పుకుని మూలన ఉంటాయి. యంత్రం కొనడానికి ఉన్న తొందర బోధకుణ్ణి నియమించడానికీ ఉండాలి.

ఆడపిల్లల సంగతి మరీ వెనకబడి ఉంది. చాలా ఐటీఐల్లో వాళ్లకు కుట్టుపని, కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడులే. అనంతపురం వైపు కార్ల ఫ్యాక్టరీ, శ్రీసిటీలో ఎలక్ట్రానిక్స్ కంపెనీలు వచ్చాక అమ్మాయిలు అసెంబ్లీ లైన్ల మీద కనిపిస్తున్నారు. ఎలక్ట్రీషియన్, మెషినిస్ట్ ట్రేడుల్లో మాత్రం ఇంకా లేరనే చెప్పాలి. హాస్టల్, వర్క్‌షాపు పక్కనే శుభ్రమైన టాయిలెట్, సాయంత్రం బస్సు, ఈ మూడు లేనిదే వాళ్లు రారు.

ఇంతకీ ఏ దారి? మంచి ఇంజనీరింగ్ కాలేజీలో, మంచి డిగ్రీ కాలేజీలో సీటు వచ్చి, చదువు మీద ఇష్టమున్న పిల్లను ఎవరూ వెనక్కి లాగకూడదు. ల్యాబ్ లేని బీటెక్‌కూ, మంచి ప్రభుత్వ పాలిటెక్నిక్‌కూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే నేను తడబడకుండా పాలిటెక్నిక్ అంటాను. మూడేళ్ల డిప్లొమాతో ఉద్యోగానికి వెళ్లొచ్చు, చదవాలనిపిస్తే ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. పదో తరగతిలోనే ఒక తలుపు మూసేసే నిర్ణయాలు పదిహేనేళ్ల పిల్లల మీద రుద్దకూడదని నా గట్టి నమ్మకం. ఐటీఐ నుంచి డిప్లొమాకు, డిప్లొమా నుంచి డిగ్రీకి వెళ్లే దారి కాగితం మీద ఉంది. దాన్ని అందరికీ తెలిసేలా, సీట్లు దొరికేలా చేయాల్సింది ప్రభుత్వాలు.

తల్లిదండ్రులకు ఒక మాట. కాలేజీ అయినా, పాలిటెక్నిక్ అయినా, ఐటీఐ అయినా ఫీజు కట్టే ముందు పిల్లను వెంటబెట్టుకుని పనిరోజున వెళ్లండి. ల్యాబ్, వర్క్‌షాపు చూపించమనండి. మెషిన్లు తిరుగుతున్నాయా, పిల్లల చేతులకు మసి అంటిందా, బోధకుడు అక్కడే ఉన్నాడా చూడండి. కిందటి ఏడాది పాసైన ఇద్దరు విద్యార్థుల ఫోన్ నంబర్లు అడిగి వాళ్లతో మాట్లాడండి. ‘ఆదివారం రండి’, ‘ఆఫీసులో కూర్చోండి’, ‘ల్యాబ్ తాళం లేదు’ అనే చోట మాత్రం, అది ఎంత పేరున్నదైనా, మీ పిల్లను చేర్పించకండి.